తోమిన కార్బరేటర్

హరనాథబాబు కారు నర్సింలు హోటల్ ముందుకొచ్చి డబ్బుమని పేలేసరికి, బల్లల మీద చాయ్ తాగుతున్న పదిహేనుమందీ ఉలిక్కిపడ్డారు. ఒకతని చేతిలో గ్లాసు తొణికి ప్యాంటు మీద పడింది. మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకి బాన్సువాడ రోడ్డు మీద ట్రాక్టర్లు, బడి ఆటోలు, మద్నూర్ వైపు పోయే లారీలు చేసే గోల చాలదన్నట్టు, పాత మారుతి ఇంకోసారి పేలి, దగ్గి, ఆగిపోయింది.

హోటల్‌ని ఆనుకునే ఉన్న రేకుల షెడ్డులో ఒక జీపు కింద వెల్లకిలా పడుకుని బోల్టు విప్పుతున్న లక్‌పతి, కారు కనపడకముందే అది సైలెన్సర్‌లో పేలింది కాదని, ముందు కార్బరేటర్‌లోంచి ఎగదన్నిందని చెవితోనే పట్టేశాడు. ఆ మాత్రం చెవి ఉన్న మెకానిక్కు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. కార్బరేటర్ బండ్లే కరువైపోతున్న రోజుల్లో ఆ విద్య ఎవరిక్కావాలి అంటే, కోటగిరి నుంచి మద్నూర్ దాకా పాత కారు అమ్ముకోలేక, పారెయ్యలేక ఉంచుకున్న వాళ్ళందరికీ కావాలి. హరనాథబాబు వాళ్ళలో ఒకడు.

హరనాథబాబు తాతలు కాలువ నీళ్ళ కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోటగిరి దగ్గర భూములు కొన్నారు. ఆయన పుట్టింది, పెరిగింది, జుట్టు నెరిసింది ఇక్కడే. మాట మాత్రం నిన్న సాయంత్రం బెజవాడలో బస్సెక్కి వచ్చినట్టుంటుంది. అందుకు ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ మాటతో ఆయన ఏమంటాడన్నదే అసలు సంగతి.

లక్‌పతి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి ఆయన బానెట్ ఎత్తి నిలబెట్టి, హోటల్లో ఉన్నవాళ్ళని చేత్తో పిలుస్తున్నాడు. నలుగురైదుగురు లేచి వచ్చారు. మిగతావాళ్ళు కూర్చున్నచోటి నుంచే మెడలు చాచారు.

"చూడండి, మీరే చూడండి. ఇది మా కార్బరేటర్ కాదు" అన్నాడు హరనాథబాబు. "మాది నల్లగా ఉండేది. ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నా. ఇదేమో తళతళలాడిపోతోంది. మాది తీసి ఎక్కడో అమ్ముకుని, ఏదో డూప్లికేట్ తెచ్చి బిగించాడు. ఇంకెందుకు పేలదు?"

లక్‌పతికి ముందు అర్థం కాలేదు. తర్వాత కార్బరేటర్ వంక చూశాడు. ఇరవై రోజుల కిందట ఈ కారు మొదటిసారి తన దగ్గరికి సర్వీసుకి వచ్చినప్పుడు అతను కార్బరేటర్ ఊడదీసి, బేసిన్‌లో పెట్రోలు పోసి రాత్రంతా నానబెట్టాడు. పెట్రోలు పోయే సన్న రంధ్రాల జెట్లు ఒక్కొక్కటీ నోటితో ఊది, సన్న తీగతో పొడిచి బాగు చేశాడు. అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ లోపల అంత శుభ్రం చేసి, పైన ముప్పై ఏళ్ళ మడ్డి అలాగే వదిలెయ్యడం అతని వల్ల కాదు. చిన్న ఇనుప బ్రష్షు పట్టుకుని కూర్చుని, కొత్త వెండి గిన్నెలా అయ్యేదాకా దాన్ని తోమాడు. ఎవరూ అడగలేదు. ఎవరూ అడగకపోయినా పాతికేళ్ళుగా ప్రతి కార్బరేటర్‌నీ అలాగే తోముతున్నాడు.

"అది మీదే సార్. నేను తోమిన" అన్నాడు.

"తోమావా? కార్బరేటర్ని ఎవరన్నా తోముతారటయ్యా? అదేమన్నా ఇత్తడి బిందా?"

హోటల్లో నలుగురు నవ్వారు. ఆ నవ్వు ఆయనకి ఊపు ఇచ్చింది. గొంతు ఇంకాస్త పెంచి, "అయినా నిన్నని ఏం లాభంలే. మీవాళ్ళకిది కొత్తా ఏమన్నా?" అన్నాడు.

మీవాళ్ళు అంటే మెకానిక్కులు కాదు. ఆ సంగతి అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. నస్రుల్లాబాద్ పక్క లంబాడీ తండా నుంచి వచ్చి, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా షెడ్డు పెట్టుకుని, ఈ రోడ్డు మీదే తల నెరిపించుకున్న మనిషికి ఆ ఒక్క ముక్క చెంప మీద కొట్టినట్టు తగిలింది. లక్‌పతి చేతిలో గుడ్డని పిడికిట్లో నలిపాడు. కోపం వచ్చినప్పుడు అతనికి తెలుగు రాదు. తన భాషలో అంటే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. అందుకని మెకానిక్కు అడగాల్సిన మాటే అడిగాడు. తను ఇచ్చాక బండి మీద ఇంకెవరన్నా చెయ్యి పెట్టారా అని.

"నా కారు బానెట్ నేను తప్ప ఇంకొకడు ఎత్తడు. నేనేమీ ముట్టుకోలేదు" అన్నాడు హరనాథబాబు. తాళంచెవి షెడ్డు ముందున్న డ్రమ్ము మీద పెట్టి, శుక్రవారం లోగా తన అసలు కార్బరేటర్ తనకి బిగించి ఇవ్వాలని, లేకపోతే స్టేషన్లో మాట్లాడుకుందామని చెప్పి, కోటగిరి ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

జనం సర్దుకున్నారు. నర్సింలు ఒక చాయ్ పట్టుకొచ్చి లక్‌పతికి ఇచ్చి, పక్కన నిలబడి గొంతు తగ్గించాడు. పదిహేనేళ్ళుగా గోడకి గోడ ఆనించుకుని బతుకుతున్న మనిషి.

"పెద్దోళ్ళతోని లొల్లి ఎందుకే అన్నా. గా పాతది ఏడున్నదో తెచ్చి పెట్టెయ్యరాదు" అన్నాడు.

లక్‌పతి ఆ చాయ్ తాగలేదు. గ్లాసు అలాగే డ్రమ్ము మీద పెట్టేసి జీపు కిందికి దూరాడు.

జీపు పని అయ్యేసరికి మధ్యాహ్నమైంది. తర్వాత మారుతిని షెడ్డులోకి తోసుకుని మొదలుపెట్టాడు. తిట్టుకుంటూనే చేశాడు. కానీ కోపంలో ఉన్నా చెయ్యి వరస తప్పలేదు. ప్లగ్గులు మూడూ విప్పి వెలుతురుకి పెట్టి చూశాడు. కొనలు తెల్లగా కాలి ఉన్నాయి. అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ పోతోంది. ఎక్కడి నుంచో దొంగగాలి లోపలికి లాగుతోంది. దొంగగాలి అన్నది వాళ్ళ పనిలో మామూలు మాటే. ఇవాళ ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా ఒళ్ళు మండింది.

ప్లగ్గు వైర్లు వరస తప్పాయేమో చూశాడు, తప్పలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పగుళ్ళు వెతికాడు. పాయింట్ల సందు కొలిచాడు. టైమింగ్ చూశాడు. అన్నీ తను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కార్బరేటర్ మళ్ళీ ఊడదీసి జెట్లు ఊదాడు. కింద గాస్కెట్ మార్చి బిగించాడు. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ప్రతి అతుకు దగ్గరా ఆనిస్తూ, ఎక్కడన్నా గాలి ఈల వేస్తుందేమోనని విన్నాడు. ఎక్కడా లేదు. హెడ్ కవర్ నుంచి, గాలి లోపలికి లాగే ఇంజన్ మెడలోకి పోయే వేలంత లావు పైపు, ఎయిర్ ఫిల్టర్ ఉండే గాలి గూడు వెనకాల ఉంటుంది. చెయ్యి దూర్చి దాన్నీ నొక్కి చూశాడు. నల్లగా, గట్టిగానే ఉంది.

స్టార్ట్ చేస్తే ఇంజన్ పట్టు గుడ్డ మీద కత్తెర నడిచినట్టు నడిచింది. అరగంట నడిపాడు. యాక్సిలరేటర్ తొక్కి వదిలాడు, మళ్ళీ తొక్కాడు. ఒక్కసారి కూడా పేలలేదు. హోటల్ నుంచి ఎవరో, ఇప్పుడు అసలుది బిగించాడు కాబట్టి పేలడం లేదని అన్నారు. లక్‌పతి విన్నాడు. వినీ పానా పట్టుకున్న చెయ్యి దించుకున్నాడు.

బుధవారం రోడ్డు మీదికి తీశాడు. ఎనిమిది కిలోమీటర్లు బాగానే పోయింది. తొమ్మిదో దాంట్లో డబ్బుమంది. పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, పానాలు తీసుకుని దగ్గరికి వంగేసరికి ఏమీ ఎరగనట్టు నడుస్తోంది. మళ్ళీ మూసి బయలుదేరితే కాసేపటికి మళ్ళీ అదే. అలా నాలుగుసార్లు. నాలుగోసారి రోడ్డు పక్క నిలబడి ఆ కారు టైరుని కాలితో తన్నాడు. ఎంత మొండి బండి మీదా అతను కాలెత్తినవాడు కాదు. తన్నాక సిగ్గేసింది, ఆ సిగ్గుకి కోపం రెట్టింపయింది.

సాయంత్రం చీకటి పడుతుండగా అతని భార్య జమునాబాయి షెడ్డుకి వచ్చింది. నాట్ల రోజుల్లో ఆమె తండా ఆడవాళ్ళు ఇంకో ఎనిమిదిమందితో కలిసి ఆటోలో కోటగిరి పోతుంది. వచ్చేటప్పుడు తిన్నగా ఇంటి దగ్గరే దిగుతుంది. ఇవాళ బాన్సువాడ దాకా వచ్చింది. కాళ్ళకి బురద కూడా సరిగ్గా కడుక్కోలేదు. చేతి సంచీ డ్రమ్ము మీద పెట్టి నిలబడింది.

ఈ వారం ఆ తొమ్మిదిమందీ నాట్లేస్తున్నది హరనాథబాబు మడుల్లోనే. పొద్దు వాలాక పని దిగి గట్టెక్కగానే ఆయన మోటారు గది దగ్గర నిలబడి ఒక్కొక్కరి సంచీ విప్పించాడట. మోటారు గదిలో సామాన్లున్నాయి, ఎవరి చెయ్యి ఎలాంటిదో ఎవరికి తెలుసు అన్నాడట. అందరికన్నా పెద్దది చాంద్రి, ఆమెకి అరవై దాటాయి. తడి చీర మూట విప్పి దులిపి చూపించిందట. జమునాబాయి చేత అన్నం డబ్బా మూత కూడా తీయించాడు. పన్నెండేళ్ళుగా వాళ్ళ చేతుల మీదుగా ఆ పొలం పచ్చబడుతోంది. ఏనాడూ లేదు ఈ చూడడం.

ఇదంతా ఆమె తమ భాషలో, గొంతు పెంచకుండా చెప్పింది. చెప్పి, బానెట్ కింద మెరుస్తున్న కార్బరేటర్ వంక చూసింది. ఎవరైనా వింటే వినాలనో ఏమో, ఆ ఒక్క మాటా తెలుగులో అంది.

"నిన్నెవరు తోమమన్నరు?"

నిన్న హరనాథబాబు అన్న మాట కన్నా అతనికి ఇది ఎక్కువ తగిలింది. ఎందుకంటే ఇందులో అబద్ధం లేదు. తను చేసిన మంచిపని తన భార్య అన్నం డబ్బా మూత దాకా పోయింది.

గురువారం లక్‌పతి ఇంకే బండినీ ముట్టుకోలేదు. షెడ్డు ముందు ఒక స్టూలు వేసుకుని, పాత మారుతికి ఎదురుగా కూర్చున్నాడు. రోడ్డు మీద పేలుతుంది, షెడ్డులో పేలదు. ఇంజన్ అదే, పెట్రోలు అదే, తొక్కే కాలూ అదే. మరి రోడ్డు మీద ఉన్నదేమిటి, షెడ్డులో లేనిదేమిటి? గతుకులు అనుకున్నాడు. కారెక్కి కూర్చుని ఊపాడు, లాభం లేకపోయింది. బరువు అనుకున్నాడు. గేరులో పెట్టి, బ్రేకు మీద కాలేసి లాగించాడు. అదీ కాదు.

లేచి, విసుగ్గా బానెట్ పట్టుకుని దించబోయి, సగంలో ఆగాడు.

పాతికేళ్ళుగా ఈ షెడ్డులో ఒక్క ఇంజన్ కూడా బానెట్ మూసి నడిపిన పాపాన పోలేదు. నడిపితే చూసేదెట్లా? షెడ్డులోకి వచ్చిన బండికి నోరు తెరిచే ఉంటుంది. రోడ్డు మీద పోయే బండికి మూసి ఉంటుంది. మూస్తే వేడి లోపలే ఉంటుంది, ఎత్తితే పోతుంది. అందుకే రోడ్డు పక్కన బానెట్ ఎత్తినప్పుడల్లా అది బుద్ధిగా నడిచింది. ఇంత చిన్న సంగతికి రెండు రోజులు పట్టినందుకు తనని తనే తిట్టుకుంటూ బానెట్ గట్టిగా మూసి, ఇంజన్ స్టార్ట్ చేసి, స్టూలు మీద కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలు గడిచాయి. లోపలికి పోయి యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ ఒకసారి తడబడి డబ్బుమంది.

ఈసారి పానాల కోసం వెతుక్కోలేదు. బానెట్ ఎత్తీ ఎత్తకముందే చెయ్యి లోపలికి పోనిచ్చాడు. చర్మం చురుక్కుమంటున్నా ఒక్కో పైపూ నొక్కుకుంటూ పోయాడు. గాలి గూడు వెనక ఉన్న పైపు, మొన్న గట్టిగా తగిలినది, ఇప్పుడు ఉడికిన వంకాయలా మెత్తగా నలిగింది. ఇంజన్ మెడ దగ్గర దాని కొస వదులై, వేలు దూరేంత సందు ఇచ్చింది. ఆ సందు మీద వేలు పెట్టి మూశాడు. ఇంజన్ వెంటనే నిమ్మళించింది. వేలు తీశాడు, తడబడింది. మళ్ళీ పెట్టాడు.

ఇంజన్ ఆపి ఆ పైపు ఊడదీశాడు. మీద నల్ల టేపు చుట్టలు చుట్టలుగా, ఎంతో ఓపికగా చుట్టి ఉంది. గోటితో కొస లేపి లాగుతూ పోతే, లోపలి నుంచి పచ్చగా బయటపడింది. వరికి మందు కొట్టే స్ప్రేయర్ పైపు ముక్క. జానెడు.

లక్‌పతికి నవ్వు రాలేదు. ఫోను చేసి, బండి రోగం దొరికింది రండి అని మాత్రం చెప్పి పెట్టేశాడు.

హరనాథబాబు మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. బాన్సువాడలో బ్యాంకు పని ఉందని భార్య రాధాకుమారి కూడా వెంట వచ్చింది. ఆ వేళకి హోటల్లో ఎవరూ లేరు. నర్సింలు షట్టరు సగం దించి లోపల కునుకు తీస్తున్నాడు. లక్‌పతి పచ్చ పైపు తగిలించాడు. బానెట్ మూసి ఇరవై నిమిషాలు నిలబెట్టి, పేలేదాకా వినిపించాడు. తర్వాత దాన్ని తీసి తన దగ్గరున్న గట్టి రబ్బరు పైపు ముక్క కోసి బిగించి, మళ్ళీ మూసి, అరగంట నడిపించాడు. ఎంత తొక్కినా చప్పుడు లేదు. కార్బరేటర్ అదే, మెరుస్తున్నదే. అప్పుడు ఆ పచ్చ ముక్క చేతిలో పెట్టాడు.

హరనాథబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఎక్కడిదన్నాడు. నిజంగానే గుర్తు లేదు. అప్పటికే కారెక్కి కూర్చున్న రాధాకుమారి వెనక సీట్లో నుంచే మెల్లిగా చెప్పింది.

"పోయిన వారం మీరే కదండీ కోశారు. రబ్బరు పైపు చిట్లింది, నూనె కారుతోందని. స్ప్రేయర్ పైపు కోస్తే మందు ఎలా కొడతారన్నాను, కొస ముక్కేగా అన్నారు."

ఆ ఇంట్లో స్నానాల గదిలో కుళాయి నుంచి గొడ్ల తొట్టి దాకా ఏది కారినా స్ప్రేయర్ పైపు ముక్కే మందు. చెప్పుల బొత్తం తెగినా ఆయన చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. అలా ఎన్ని ముక్కలు కోశాడో ఆయనకే లెక్క లేదు. అందుకే ముట్టుకోలేదన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పలేదు. పైపు ముక్క వెయ్యడం ముట్టుకోవడం కిందికి వస్తుందని ఆయనకి తోచలేదు. లక్‌పతి తోమింది మాత్రం దొంగతనం కిందికి వచ్చింది.

ఆయన ఆ ముక్కని డ్రమ్ము మీద పడేశాడు. తర్వాత గొంతు సవరించుకుని, లక్‌పతి భుజం మీద చెయ్యి వేశాడు.

"సరేలేవయ్యా. జరిగిందేదో జరిగింది. నేను వదిలేశాను. మనసులో ఏమీ పెట్టుకోను" అన్నాడు.

కారెక్కి వెళ్ళిపోయాడు. కారు మెత్తగా, చప్పుడు లేకుండా, లక్‌పతి పైపుతో వెళ్ళిపోయింది. పచ్చ ముక్క డ్రమ్ము మీద మిగిలింది. లక్‌పతి అప్పటికప్పుడు ఏదో అనాల్సింది. అనాల్సిన మాట ఏదో ఆ నిమిషాన తట్టలేదు.

తట్టింది శుక్రవారం పొద్దున. షెడ్డు తాళం తీస్తుంటే నర్సింలు నవ్వుముఖంతో ఎదురొచ్చాడు.

"హరనాథబాబు నిన్ను వదిలేసిండంట గదా అన్నా. నిన్న మాపటికి కోటగిరోళ్ళు చెప్పిండ్రు. ఎంతైనా పెద్దమనిషి."

హోటల్లో ఇద్దరు ముగ్గురు తలలూపారు. నిజమే, ఇంకొకరైతే కేసు పెట్టేవాళ్ళు అన్నాడొకడు. ఒక్క రాత్రిలో ఊరు మొత్తం సర్దుకుంది. దొంగ దొంగగానే ఉన్నాడు. కాకపోతే క్షమించిన దొంగ. జీవితాంతం ఇక ఈ రోడ్డు మీద తను హరనాథబాబు దయ వల్ల తిరిగే మనిషి. లక్‌పతికి అరికాలి మంట నెత్తికెక్కింది. జమునాబాయికి ఫోను కలిపాడు. రాత్రి ఇంట్లో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు; నిన్న సాయంత్రం కూడా సంచులు చూశారా అని ఇప్పుడు అడిగాడు. చూశారంది.

తాళం మళ్ళీ వేసేశాడు. పచ్చ ముక్క జేబులో పెట్టుకుని మోటారు సైకిలు తీశాడు.

కోటగిరి దాటాక కాలువ గట్టు మీద మారుతి నిలబడి ఉంది. పక్కన మడిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు వంగి వెనక్కి నడుస్తూ నాట్లేస్తున్నారు. మడి సగమే అయింది. మిగతా సగంలో పొద్దున్నే పీకిన నారు కట్టలు నీళ్ళలో విసిరి ఉన్నాయి. గట్టు మీద ఇంకో కుప్ప ఎండకి ఉంది. కాలువ నీళ్ళ వంతు శనివారంతో అయిపోతుంది. హరనాథబాబు మోటారు గది అరుగు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. లక్‌పతిని చూసి నవ్వుతూ చెయ్యి ఎత్తాడు.

లక్‌పతి ఆయన దగ్గరికి పోలేదు. తిన్నగా కారు దగ్గరికి పోయి, తలుపు తీసి, మీట లాగి, బానెట్ ఎత్తాడు. చల్లగా ఉన్న ఇంజన్‌లోంచి తన రబ్బరు పైపు ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. పచ్చ ముక్క తీసి దాని చోట గట్టిగా దూర్చాడు. బానెట్ మూశాడు.

హరనాథబాబు గొడుగు వదిలేసి పరుగులాంటి నడకతో వచ్చాడు. ఏమిటిది, నిన్ననే వదిలేశానన్నాను కదా అన్నాడు.

"దొంగతనం చేసినోన్ని వదిలేస్తరు సార్" అన్నాడు లక్‌పతి. తెలుగు ఈసారి ఎక్కడా తడబడలేదు. "నేను ఏం చేసిన అని వదిలేసిండ్రు?"

హరనాథబాబు మాటకి అలా అన్నానని, దానికింత పట్టింపు ఎందుకని, పైపు సంగతి తను ఒప్పుకున్నాడు కదా అని సర్దబోయాడు. ఎవరి ముందు ఒప్పుకున్నారని లక్‌పతి అడిగాడు. అన్నది పదిహేనుమంది ముందు. ఒప్పుకున్నది మూసిన షట్టరు ముందు.

"గదే హోటల్‌కు పోయి, గంతమందిల చెప్పుండ్రి. కార్బరేటర్ మాదే, పైపు నేనే మార్చిన అని. చెప్పి వస్తే నా పైపు నేనే పెట్టి ఇస్త."

"నాట్లు వదిలేసి ఇప్పుడు బాన్సువాడ పోయి చాయ్ హోటల్లో ఉపన్యాసం ఇవ్వమంటావా? మతి ఉందా నీకు?" అని హరనాథబాబు గట్టిగానే అరిచాడు.

మడిలో నీళ్ళ చప్పుడు ఆగింది. జమునాబాయి నడుం నిటారు చేసి నిలబడి ఉంది. చేతిలో ఉన్న నారు కట్టని విసిరెయ్యలేదు, నీళ్ళలో మెల్లిగా నిలబెట్టింది. నడుచుకుంటూ గట్టెక్కి, కాలువలో చేతులు కడుక్కుంది. ఆమె వెనక చాంద్రి, చాంద్రి వెనక మిగతావాళ్ళు, ఒక్కొక్కరే ఎక్కారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. మోటారు గది గోడకి ఆనించి ఉన్న సంచులు తెచ్చి, హరనాథబాబు కాళ్ళ ముందు వరసగా పెట్టారు.

"ఇంకోసారి చూసుకోండ్రి సార్" అంది జమునాబాయి. "చూసుడు అయినంక హోటల్‌కు పోయి రాండ్రి. మేం గిక్కడనే ఉంటం."

తొమ్మిదిమందీ గట్టు మీద కూర్చున్నారు. చాంద్రి వక్క తీసి నోట్లో వేసుకుంది. హరనాథబాబు సంచుల వంక చూశాడు, ఎండకి ఉన్న నారు కుప్ప వంక చూశాడు, సగం పచ్చగా సగం బురదగా ఉన్న మడి వంక చూశాడు. ఇంకో ముఠాని ఈ నాట్ల రోజుల్లో ఎక్కడ పట్టుకొస్తాడు? ఒకరిద్దరికి ఫోను చేసి చూశాడు. అవతలి వాళ్ళు చెప్పింది వింటూ ఊ, ఊ అని పెట్టేశాడు. ముఖం కందగడ్డలా అయింది. కారెక్కి తలుపు ధడేలున వేశాడు.

కారు గట్టు మీద నుంచి దిగి రోడ్డెక్కింది. చప్పుడేమీ లేదు. లక్‌పతి నిలబడి వింటున్నాడు. కారు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. వేడెక్కాలి కదా. ఆడవాళ్ళు కూడా మాటలు ఆపారు. చాలాసేపటికి, ఎక్కడో దూరంగా, కాలువ వెంబడి డబ్బుమని వినపడింది. చాంద్రి వక్క నములుతూ తల ఊపింది. కాసేపటికి ఇంకోటి వినపడింది, ఇంకా దూరంగా.

గంట దాటాక నర్సింలు ఫోను చేశాడు.

హరనాథబాబు వచ్చాడట. ఆయన బండి పేలుడుకి రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగారట. చాయ్ తెమ్మన్నాడు గానీ తాగలేదు. నిలబడే చెప్పాడు. కార్బరేటర్ తమదేనని, లక్‌పతి ఏమీ మార్చలేదని, పైపు తనే మార్చి మరిచిపోయానని. అంతా విన్నారట. ఇంత ఎండలో ఇప్పుడెందుకొచ్చి చెబుతున్నారు సార్ అని నర్సింలే అడిగాడట. నాట్లు ఆగిపోయాయన్నాడట. చెప్పడం అయ్యాక నర్సింలు, రేపు చాయ్‌కి రా అన్నా అని పెట్టేశాడు.

లక్‌పతి ఆ మాటలన్నీ ఆడవాళ్ళకి చెప్పాడు. హరనాథబాబు లక్‌పతి కోసం చెప్పలేదు. తప్పు చేశానని చెప్పలేదు. నారు ఎండిపోతుందని చెప్పాడు. మూడు రోజుల కోపం అలాగే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు. ఇలాంటి మాట ఎందుకు, ఈ మాట వద్దు, మళ్ళీ పొమ్మందాం అన్నాడు.

జమునాబాయి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది.

"నీ కోసం చెప్తేంది, నాట్ల కోసం చెప్తేంది. నోటితోని చెప్పిండు కద, నలుగురు విన్నరు కద. ఇగ దిగుండ్రి" అంది.

వాళ్ళు దిగారు. సంచులు గట్టు మీద మూతులు కట్టి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆగిపోయిన పని వాళ్ళది, ఆగింది లక్‌పతి కోసం. అతను చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, ఒక నారు కట్ట అందుకుని మడిలోకి దిగాడు. తండాలో పుట్టినవాడికి నాటు వెయ్యడం రాకపోవడమేమిటి. వరస వంకర పోతోందని చాంద్రి వెక్కిరించింది. అతను ఒప్పుకోలేదు.

హరనాథబాబు కారు తిరిగొచ్చేటప్పుడు కాలువ పొడుగునా పేలుతూనే వచ్చింది. గట్టు మీద ఆగి, ఇంకోసారి పేలి, చచ్చిపోయింది. ఆయన దిగాడు. చొక్కా వీపంతా తడిసి ఉంది. సంచుల దగ్గర నుంచే నడిచాడు గానీ వాటి వంక చూడలేదు. మడి అంచుకి వచ్చి నిలబడి, మెల్లిగా పిలిచాడు.

"లక్‌పతీ, ఆ పైపు..."

లక్‌పతి వంగే ఉన్నాడు. చేతిలో కట్టలోంచి నాలుగు పోచలు తీసి బురదలో గుచ్చి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వరస కానియ్యండ్రి సార్" అన్నాడు.